కుట్టుకి వదిలిన అర అంగుళం

ఆ షాపులో కోడలు ‘పంపించండి’ అనేదాకా ఏ బొమ్మా మిషను ఎక్కదు. బోర్డు మీద మొగుడి పేరే ఉండొచ్చు, బీరువా తాళాలు ఆయన మొలలోనే ఉండొచ్చు, ఆ ఒక్క మాట మాత్రం ఆవిడది. మంచమంత వెడల్పున్న ప్రింటు మిషను దగ్గర నిలబడి ఆయన అద్దాల గదివైపు మెడ తిప్పుతాడు. ఆవిడ తెర మీంచి కళ్ళెత్తకుండా ‘పంపించండి’ అంటుంది. అప్పుడు మిషను గొంతు సవరించుకుని పని మొదలుపెడుతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలో కూడా అత్తగారు తేల్చిన మనిషికి, బయట ఒక మాట చెల్లడం అంటే మాటలు కాదు.

సోమవారం పొద్దున కంటి ఆసుపత్రివాళ్ళ బండి వచ్చింది. లారీకి తగిలించి లాక్కెళ్ళే గది అది. ఊరూరా తిరిగి కళ్ళు పరీక్ష చెయ్యడానికి. చక్రాల మీద గది అంటే పెట్టెలా ఉంటుందనుకుంది కోడలు. దీనికి మూల అన్నదే లేదు. ముందు భాగం కోడిగుడ్డులా ఉబ్బి, పైకి పోనుపోను సన్నబడి, కింద మళ్ళీ లోపలికి ముడుచుకుంది. ఆ ఉబ్బు మీదే రెండు పెద్ద కళ్ళు రావాలి, లారీ విప్పి నిలబెట్టాక ఎదురుగా వచ్చేవాళ్ళని నవ్వుతూ చూస్తున్నట్టు.

“పిల్లలు చూసి దగ్గరికి రావాలి, ముసలివాళ్ళు చూసి ధైర్యం తెచ్చుకోవాలి. శనివారం పొద్దున పదింటికి బండి బయల్దేరాలి” అంది ఆసుపత్రి డాక్టరమ్మ. ఆవిడ మాట్లాడుతున్నప్పుడు కూడా ఎదుటివాళ్ళ కళ్ళలో ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది. “ఇది కుదిరితే ఇలాంటివే ఇంకో పదకొండు ఉన్నాయి మాకు.”

బొమ్మ గీయడం కోడలికి లెక్కలోది కాదు. ఆవిడ గీసేది వెక్టరు బొమ్మ, అంటే రంగు చుక్కలతో కాక గీతల లెక్కతో కట్టింది. గోరంత చేసినా కొండంత చేసినా అంచు చెదరదు. తెర మీద పదోవంతు కొలతలో గీస్తే, మిషను దాన్ని పదింతలు చేసుకుంటుంది. చదును గోడకైతే పొడవూ వెడల్పూ వేసి చేతులు దులుపుకోవడమే. అలవాటు ప్రకారం బండికి అటొక కర్రా ఇటొక కర్రా నిలబెట్టించి, మధ్యన టేపు బిగించి లాగి, ఎనభై నాలుగు అంగుళాలని రాసుకుంది.

“అదేమిటే అమ్మాయ్, పొట్టున్నవాడికి చొక్కా కొలిచేటప్పుడు పొట్ట మీంచి కదా కొలుస్తారు?” అంది అత్తగారు, గుమ్మం దగ్గర కుర్చీలోంచి.

అత్తగారు ఆ వారం షాపులో ఎందుకున్నదంటే, ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఆ వాసనకి ఆవిడకి దగ్గు. నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టి, మోకాళ్ళు మొరాయించాక మిషనుకి దుప్పటి కప్పి, అప్పట్నించి కనపడిన ప్రతి మనిషి భుజాల కుట్టూ కంటితోనే విప్పి చూస్తుంటుంది.

“అదంతా కంప్యూటరు చూసుకుంటుందత్తయ్యా” అంది కోడలు.

అత్తగారు ఇంకేమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

మంగళవారం మామూలు కాగితం మీద నమూనా తీసి బండి ముక్కుకి అంటించారు. అంటించింది బంక మేస్త్రీ. స్టిక్కర్లు అతికించి అతికించి చేతులకి బంక వదలక ఆ పేరు స్థిరపడిపోయింది. కట్టుకున్నావిడ కూడా అలాగే పిలుస్తుందని వినికిడి. ఆయన నోట మెచ్చుకోలు రావడమంటే స్టిక్కరు కింద గాలిబుడగ తనంతట తనే వెళ్ళిపోవడం లాంటిది. అంటించి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాడు. తర్వాత అటుపక్కకి వంచి చూశాడు.

కొలత తిన్నగా తీసినందువల్ల బొమ్మ ఉబ్బుకి చాలలేదు. రెండు కనుపాపలూ ముక్కు దగ్గరికి జరిగి ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.

“మేం మెల్లకన్ను సరిచేసేవాళ్ళమండీ, పెట్టేవాళ్ళం కాదు” అంది నమూనా చూడ్డానికొచ్చిన డాక్టరమ్మ.

అత్తగారు నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. కొడుకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, తనూ మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలించాడు. కోడలు ఆ భుజాలు చూసింది.

మధ్యాహ్నానికి పొట్ట మీంచి టేపు వేసి కొలిచింది. నూట నాలుగు వచ్చింది. బొమ్మని ఆ వెడల్పుకి సాగదీసి మళ్ళీ నమూనా తీసింది. ఈసారి మధ్యలో చక్కగా కూర్చుంది. పైన మాత్రం, గుడ్డు సన్నబడిన చోట, బస్తా మూతి కట్టినట్టు ముడతలు పడింది. బంక మేస్త్రీ అరచేత్తో ఒక ముడత సర్దితే అది పక్కకి పోయి రెండు పిల్లల్ని పెట్టింది.

“ఒరేయ్ నాన్నా, నాకో నాలుగు ఖాకీ కాగితాలూ ఒక కత్తెరా ఇప్పించరా” అని అత్తగారు మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

అప్పట్నించి బుధవారం మధ్యాహ్నం దాకా షాపులో ఇంకో పని జరగలేదనే చెప్పాలి. అత్తగారు కాగితాన్ని బద్దలుగా చింపింది. ఒక్కో బద్దనీ బండి ముక్కు మీద పైనుంచి కిందికి వేలాడేసి, అతుకు టేపుతో నిలబెట్టి, పక్క బద్దతో ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ బొటనవేలి గోటితో నొక్కు పెట్టింది. నొక్కుల వెంట పెన్సిలు తిప్పింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడింది. సూదులకి మాటా, మాటకి సూదులూ అడ్డం రాలేదు. “జాకెట్టుకి డార్టు మడత ఎందుకు వేస్తాం? ఉబ్బు దగ్గర వదులు కావాలి, కింద బిగువు కావాలి. మరి ఈ మహాతల్లికీ అంతేగా!” అంటూ బండి ముక్కుని చేత్తో నిమిరింది. మధ్యలో ఒకటి, అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం తొమ్మిది ముక్కలు తేలాయి. పడవ ఆకారంలో, నడుం దగ్గర వెడల్పుగా, రెండు కొసలా సన్నగా. వాటిని నేల మీద పరిచి, కొత్త కాగితం మీదికి సుద్దతో దించి, కత్తిరించింది. పక్క షాపువాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

“చెయ్యంటే అదండీ చెయ్యి” అన్నాడు బంక మేస్త్రీ.

కోడలు అద్దాల గదిలో ఉంది. తలుపు వేసే ఉంది. అయినా ఆ మాట లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పద్నాలుగేళ్ళు! బస్సులకి చేసింది, పడవలకి చేసింది, మూడంతస్తుల మెట్లకి మెట్టు మెట్టునా బొమ్మ విరగకుండా చేసింది. ఆ మేస్త్రీ “ఊఁ” అన్నదే పెద్ద బిరుదుగా మడిచి దాచుకుంది. కళ్ళు కుట్టడం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, అనుభవం ఉన్న మనిషే అయివుంటారు. నిజంగానే రెప్పల కింద సన్నగా సూది దిగుతున్నట్టుంది.

మొగుడు తల్లిని ఫొటో తీశాడు, పెదాల్లో సూదులూ చేతిలో కత్తెరా వెనకాల బండీ వచ్చేట్టు. తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. పావుగంటలో ఆడపడుచు ఫోను.

“వదినా! అమ్మ నీ పని కూడా నేర్చేసుకుందటగా? ఇంక నువ్వు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు!”

“మరే, రంగులారాక కూర్చుంటాను” అంది కోడలు నవ్వుతూ. ఫోను పెట్టాక ఆ నవ్వు కాసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయిన బోర్డులా.

తొమ్మిది ముక్కలూ ఎత్తుకొచ్చి మొగుడు ఆవిడ బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరు చూస్తే పసిబిడ్డని పడుకోబెడుతున్నట్టుంది.

“అమ్మ గీసింది గీసినట్టు దించు. అంగుళంలో ఒక్క నూలు కూడా మార్చకు. నువ్వేదో సవరించబోయి…”

“సవరించబోయి?”

“ఏం లేదులే. జాగ్రత్త అంటున్నా, అంతే.”

కోడలు ముక్కల్ని నేల మీద పరిచి, పక్కన ఇనప స్కేలు పెట్టి, స్టూలెక్కి నిలువునా ఫొటోలు తీసింది. వాటిని తెర మీదికి తెచ్చి పదోవంతుకి కుదించి, అంచుల వెంట గీతలు లాగడం మొదలుపెట్టింది. నాలుగో ముక్క దగ్గర చెయ్యి ఆగింది. కాగితం అంచుకి కాస్త లోపలగా, దానితో పాటే వంపు తిరుగుతూ, ఇంకో గీత. సన్నటి చుక్కల గీత. సుద్దది, చూడాలనుకుంటే తప్ప కనపడదు. మిగిలిన ముక్కలు చూసింది. అన్నిటికీ ఉంది, రెండుపక్కలా.

జాకెట్టు కుట్టు విప్పి వదులు చేసుకున్న ఆడదానికి ఆ గీత ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కుట్టు పడేది చుక్కల మీద. కత్తెర పడేది దానికి అర అంగుళం అవతల. ఆ అర అంగుళం బట్ట లోపలికి మడిచిపోతుంది. అత్తగారి చెయ్యి నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, బట్టో కాగితమో చూడకుండా, కుట్టుకి వదిలేసింది! స్టిక్కరుకి కుట్టెక్కడిది? అంచు పక్కన అంచు కూర్చోవాలి. ముక్కకి అటు అర, ఇటు అర, ఒక అంగుళం ఎక్కువ. తొమ్మిది ముక్కలకి తొమ్మిది అంగుళాలు.

కోడలు గబగబా లేచింది. చెప్పడానికే లేచింది. ఆ మాట నిజం. చేతిలో ఆ నాలుగో ముక్క కూడా ఉంది. తలుపు తెరవబోతూ అద్దంలోంచి చూసింది. మొగుడు తల్లికి కాఫీ గ్లాసు అందిస్తూ, గొంతుక్కూర్చుని, అడుగుతున్నాడు.

“అమ్మా, ఇది తయారవగానే మిషను ఎక్కించెయ్యమంటావా, నువ్వోసారి చూస్తావా? నువ్వు పంపించమంటే పంపిస్తా.”

అత్తగారు కాఫీ ఊదుకుని, ఒక గుక్క తాగి, “పంపించరా, దానిదేముంది!” అంది.

కోడలు తలుపు మీద చెయ్యి తీసేసింది. వెనక్కి వచ్చి కూర్చుంది. నాలుగో ముక్కని దాని చోట పెట్టింది. ఆ తర్వాత ఆవిడ పని ఎంత శ్రద్ధగా చేసిందంటే, చూసినవాళ్ళు పాఠం నేర్చుకోవచ్చు. కత్తెర అంచు వెంట, ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాకుండా, తొమ్మిది ఆకారాలు లాగింది. కళ్ళ బొమ్మని వాటి మీద పరిచి, తొమ్మిదిగా కోసింది. గీసింది గీసినట్టు దించమన్నది ఎవరు? నూలు మార్చొద్దన్నది ఎవరు? ఆవిడ మార్చలేదు. లోకంలో ఇంత మాట వినే భార్య ఉండదు. పాడయ్యేది తమ షాపు సరుకేనని తెలియక కాదు. కుళ్ళుకి కూడికలు రావు, ఎదుటివాళ్ళ తీసివేతలే వస్తాయి.

గురువారం ముక్కలు ప్రింటవుతుంటే అత్తగారు అద్దాల గదిలోకి వచ్చింది.

“అన్నీ సరిగ్గా దించావా అమ్మాయ్?”

“మీరు గీసినట్టే దించానత్తయ్యా.”

“సర్లే, నీకు చెప్పేదేముంది” అని, బల్ల మీద కాగితం ముక్క ఒకటి వంకరగా ఉంటే తిన్నగా సర్ది వెళ్ళిపోయింది.

నీకు చెప్పేదేముంది. కోడలు ఆ మాటని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఎత్తిపొడుపేమో అని వెతికింది. దొరికితే బాగుండేది.

శుక్రవారం తొమ్మిదింటికి అతికింపు మొదలైంది. బంక మేస్త్రీ బండి ముక్కు మీద సబ్బునీళ్ళు చల్లాడు. మధ్య ముక్క పై కొస పట్టుకుని, వెనక కాగితం జానెడు జానెడు లాగుతూ, రబ్బరు బద్దతో మధ్యనుంచి అంచులకి గీకుతూ దిగాడు. మధ్య ముక్క మడత లేకుండా కూర్చుంది. “ఆహా” అన్నాడు మొగుడు. ఎడమ మొదటిది కూర్చుంది. రెండోదానికి వచ్చేసరికి బంక మేస్త్రీ ఆగి, ముక్కని ఎత్తి, మళ్ళీ పెట్టి, మళ్ళీ ఎత్తాడు.

“అంచుకి అంచు పెడితే కన్ను చెవి దగ్గరికి పోతోందండీ. అటుపక్క తలుపొచ్చేస్తుంది, ముక్క ఇంకా మిగిలిపోతుంది.”

“ఒకదాని మీదొకటి కాస్త ఎక్కించు” అన్నాడు మొగుడు.

ఎక్కించాడు. అంగుళం బొమ్మ కింద దాక్కుంది. మూడో ముక్క ఎక్కించాడు. ఇంకో అంగుళం. గుండ్రంగా ఉండాల్సిన కనుపాప రెండువైపులా నొక్కుకుపోయి కోడిగుడ్డులా నిలబడింది. పైరెప్ప గీత ప్రతి అతుకు దగ్గరా మెట్టు దిగింది.

రబ్బరు బద్ద కొసనుంచి సబ్బునీళ్ళు చుక్క చుక్కగా సిమెంటు నేల మీద పడుతున్నాయి. కోడలు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఈ ఘడియ కోసం రెండు రోజులు కాచుకుంది. వచ్చింది. వచ్చాక దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు.

అత్తగారు కుర్చీలోంచి లేచి బండి దగ్గరికి వెళ్ళింది. ఇంకా అతికించని నాలుగో ముక్క తీసుకుని అంచు వెంట వేలు పోనిచ్చింది. ఒక చోట వేలు ఆపి, అంచునుంచి లోపలికి బొటనవేలి కణుపుతో కొలిచింది. తలెత్తి కోడలివైపు చూసింది. సూదిలోకి దారం ఎక్కించినంత సేపు చూసింది.

“పొరపాటు నాదేరా. కుట్టుకి వదిలాను. వదిలిన సంగతి చెప్పడం మరిచిపోయాను” అంది కొడుకుతో.

“అయ్యో, పోనీలే అమ్మా.” మొగుడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. “వయసు కదా. నువ్వు కూర్చో. ఎందుకు నీకీ శ్రమంతా.” ఆవిడ చేతిలో ముక్క తీసేసుకున్నాడు. బల్ల మీది కత్తెర కూడా తీసి, పై అరలో పెట్టాడు.

“అదేనండీ, ఎంతైనా దేనికి తగ్గ మనిషి దానికుండాలి” అన్నాడు బంక మేస్త్రీ కోడలివైపు తిరిగి. “మేడమ్ చూసుకుని ఉంటే ఇలా అయ్యేదా?”

పద్నాలుగేళ్ళకి వచ్చిన మెచ్చుకోలు అది. కోడలు దాన్ని అందుకోబోయి అత్తగారిని చూసింది. ఆవిడ మళ్ళీ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, పక్కపక్కన, ఎవరో మర్చిపోయి వెళ్ళిన గ్లవుజుల్లా. నిన్నటిదాకా ఇదే మనిషి చుట్టూ జనం. ఒక్క అంగుళం తేడాకి ‘వయసు కదా’. మనిషిని విప్పేసిన చొక్కాలా మేకుకి తగిలించడానికి ఎంతసేపు పట్టింది? మొన్న తనని తగిలించారు, ఇవాళ ఈవిడని. రేపు ఖాళీ మేకు కనపడితే మళ్ళీ తన వంతే.

“చుక్కల గీత నేను చూశాను” అంది కోడలు.

“ఏ గీత?” అన్నాడు మొగుడు.

“కుట్టు గీత. అత్తయ్య ప్రతి ముక్క మీదా గీశారు. బుధవారమే చూశాను.”

“చూసి?”

“చూసి ఊరుకున్నాను.”

బంక మేస్త్రీకి బండి అవతలివైపు అత్యవసరంగా ఏదో పని గుర్తొచ్చింది. మొగుడు పెళ్ళాన్ని చూశాడు, తల్లిని చూశాడు, చేతిలో ముక్కని చూశాడు. “డాక్టరమ్మకి ఫోన్ చేసి వస్తా” అని బయటికి నడిచాడు. ఫోను బల్ల మీదే ఉంది.

“నోరూరుకోదు కదా నీకు?” అంది అత్తగారు. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. “ఎన్నడూ ఆడని దాన్ని ఒక్క అబద్ధం ఆడాను. దాన్ని కూడా నిలవనివ్వలేదు.”

“రేపు పదింటికి బండి కదలాలత్తయ్యా. తర్వాత తిడుదురు గాని, రండి.”

చుక్కల గీతల వెంట తొమ్మిది ఆకారాలూ మళ్ళీ లాగడానికి గంట పట్టింది. లాగాక కోడలు తెరని చూస్తూ ఉండిపోయింది. ముక్కల కొలత ఇప్పుడు సరిగ్గానే ఉంది. కానీ వాటిని పక్కపక్కన పేరిస్తే నడుముల దగ్గర కలుస్తున్నాయి, పైనా కిందా పళ్ళ సందుల్లా ఖాళీలు. చదును మీద గీసిన గుండ్రటి కనుపాపని వాటి మీద పరిచి కోస్తే, ఆ ఖాళీల్లో ఉన్న బొమ్మంతా పోతుంది. ఉబ్బు మీద అతికించేసరికి పాప మళ్ళీ పాడవుతుంది. ఏ ముక్క ఎంత ఉండాలో కత్తెర చెప్పింది. ఏ ముక్క మీద బొమ్మ ఎక్కడ పడాలో చెప్పలేదు.

లేచి బండి దగ్గరికి వెళ్ళింది. అతికించిన ముక్కలు పీకించేసి, ముక్కు తుడిపించింది. చుక్కల దగ్గరికి కత్తిరించిన ఖాకీ ముక్కల్ని దాని మీద అంచుకి అంచు నిలబెట్టింది. ఒక దారం తెచ్చి, ఒక కొస అత్తగారి చేతికిచ్చింది.

“ఇక్కడ పాప నడిమధ్యన వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి. కదలకూడదు.”

రెండో కొసకి సుద్దముక్క కట్టి, దారం బిగించి, ఉబ్బు మీద గుండ్రంగా తిప్పింది. గీత నాలుగు ముక్కల మీంచి పోయింది. అది అతుకు దాటిన ప్రతి చోటా అడ్డగీత పెట్టి, అంకె వేసింది.

“ఎందుకు చేశావే?” అంది అత్తగారు, వేలు తియ్యకుండా.

“కుళ్ళు, అత్తయ్యా.”

“దేనికి? వాడు కాఫీ ఇచ్చినందుకా?”

“అదీ ఉందిలెండి.” కోడలు దారం సర్దింది. “అసలుది మీ చేతికి. మీరు ఆ కాగితం నిమురుతుంటే అది మాట వింటోంది. నా మాట వినలేదు.”

అత్తగారు దారం మీద వేలు ఇంకాస్త నొక్కింది. అవతల బంక మేస్త్రీ ఖాళీ బకెట్టుని శ్రద్ధగా కడుగుతున్నాడు.

“నలభై ఏళ్ళు కుట్టాను. మెడ జారిందన్నారు, చంక పట్టేసిందన్నారు, పండక్కి ఇవ్వలేదని పోట్లాడారు. బాగున్న రోజున నోరెత్తకుండా తొడుక్కుపోయారు. నా పని చూసి కుళ్ళుకున్న మనిషిని ఇదే చూడ్డం” అంది అత్తగారు.

అన్నాక మొహం అటు తిప్పుకుంది. చెవుల పక్కన ముడతలు కాస్త పైకి లేచాయి. ఆవిడ దాచుకోవాలనుకుంది కాబట్టి కోడలు చూడనట్టే ఊరుకుంది. “ఆ వేలు కదుపుతున్నారు” అంది.

“నా వేలు కదల్లేదు. నీ దారమే సాగింది.”

ఖాకీ ముక్కల్ని మళ్ళీ నేల మీద పరిచేసరికి సుద్ద గుండ్రం ఎక్కడా గుండ్రంగా లేదు. నాలుగు వంకర చాపాలు, ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేనట్టు పడి ఉన్నాయి. కోడలు తెర మీద పాపని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో గీతకి వంపు మార్చడానికి ఉన్న పిడుల్ని పట్టుకుని వంచుతూ, ఆ అడ్డగీతల మీంచి పోయేట్టు లాగింది. తర్వాత పైరెప్ప. కిందిరెప్ప. ఒక్కొక్క వెంట్రుక. తెర మీద చూస్తే కళ్ళు కావవి, ఎవరో చించి విసిరేసిన ఉత్తరం. అత్తగారు వెనక నిలబడి, అద్దాలు పైకి తోసుకుని చూసింది. మోకాళ్ళ సంగతి ఆవిడకి గుర్తు రాలేదు. మొగుడు రెండుసార్లు తలుపు దాకా వచ్చి, ఇద్దరి వీపులూ చూసి వెళ్ళిపోయాడు. మూడోసారి రెండు గ్లాసుల కాఫీ తెచ్చి, ఎవరికి ముందివ్వాలో తేల్చుకోలేక రెండూ బల్ల మీద పెట్టి పోయాడు. అయిదింటికి మిషను ఆగింది. దీపాలు పెట్టే వేళకి బంక మేస్త్రీ ఆఖరి అంచు వేడిగాలితో నొక్కి, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు. కిందటిసారి నోరు జారినదే ఆయనకి ఇంకా అరగలేదు.

శనివారం పొద్దున షాపు తలుపు ఎత్తేసరికి ఎండ ఏటవాలుగా బండి ముక్కు మీద పడుతోంది. కళ్ళు రెండూ తెరుచుకుని ఉన్నాయి. ఎదురుగా నిలబడితే ఎదురుగా చూస్తున్నాయి. పక్కకి నడిస్తే మర్యాదగా పక్కకి చూస్తున్నాయి. అతుకు ఎక్కడుందో అతికించినవాళ్ళు కూడా వెతుక్కోవాలి. దారిన పోయే ఒకాయన స్కూటరు ఆపి మరీ చూసి, తన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని వెళ్ళాడు.

మొగుడు దూరం నించి చూశాడు, దగ్గర నించి చూశాడు. “బాగా వచ్చింది” అన్నాడు, తల్లికీ భార్యకీ సరిగ్గా మధ్యన ఉన్న గాలిని చూస్తూ. తెలివైనవాడే.

అత్తగారు మాత్రం బండి దగ్గరికి నడిచింది. చేతిసంచీలోంచి టేపు తీసింది. ఎడమ కనుపాప అడ్డం కొలిచింది, నిలువు కొలిచింది. కుడివైపుకి వెళ్ళి అక్కడా కొలిచింది. మధ్య గీత నుంచి ఆ పాపకి ఎంత, ఈ పాపకి ఎంత చూసింది. నేల నుంచి ఎత్తు చూసింది. మళ్ళీ ఎడమవైపుకి వచ్చింది. అంగుళంలో తేడా లేదు, అరలో లేదు, నూలులో లేదు. టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“బానే వచ్చింది” అంది. చేదుమందు మింగి, పైన నీళ్ళు అడగడానికి అభిమానం అడ్డొచ్చిన గొంతు అది.

ఆ గొంతు కోడలికి బాగా తెలుసు. మూడు రోజులుగా లోపల వింటున్నది అదే. ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు. ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

“డాక్టరమ్మ పదింటికి గాని రారు. ఇంకోసారి చూడండత్తయ్యా, తొందరేముంది” అంది, స్టూలు తెచ్చి బండి పక్కన వేస్తూ.

అత్తగారు ఆవిడ మొహంలోకి చూసింది. అద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంది. పెట్టుకుని, టేపు విప్పి, మూడోసారి కొలవడం మొదలుపెట్టింది.